ఇరవై ఎనిమిది ఆకుపచ్చ ముక్కలు

“...పోయినసారి బొంతకు సరిపోయిన కొలత అట్ట ఈసారి ఎట్ల సరిపోకుండా పోతాది? ఇంటికి ఎత్తకపోయింది నువ్వు. మళ్ళా తెచ్చింది నువ్వు. మధ్యలో దాన్ని కోసిందెవురు?”

“ఎత్తకపోతే కోసినట్లేనా అక్కా?” అంది మంజులత.

“మరెందుకు ఎత్తకపోతివి? ఇంట్లో ముద్ద పెట్టుకునేదానికి పళ్ళెం లేకనా?”

పక్కనే కుట్టు నేర్చుకుంటున్న నరసక్క నోట్లో దారం పెట్టుకునే నవ్వింది. మంజులత నవ్వలేదు. చాప మీద పరిచిన రెండు వరుసల వైపు చూస్తూ కూర్చుంది. ఒక్కో వరుసలో ఏడు ముక్కలు, ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి. మొదటి వరుస కంటే రెండోది రెండు వేళ్ళు పొడుగు వచ్చింది. రెంటినీ కలిపి కుడితే ఒక్క మూల కూడా మూలకు ఎదురుగా రాదు.

“ఒక్క బత్తలపల్లీ కలవలేదు,” అంది కుళ్ళాయమ్మ.

నాలుగు ముక్కల మూలలు ఒక్కచోట కలిసే చుక్కను ఆమె బత్తలపల్లి అంటుంది. ఆమె పుట్టిన ఊరు అదే. అనంతపురం, కదిరి, ధర్మవరం, తాడిపత్రి రోడ్లు నాలుగూ అక్కడ కలుస్తాయి. పెనుకొండలో ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ మాట అలవాటైంది.

కుళ్ళాయమ్మకు అరవై దగ్గరపడ్డాయి. పన్నెండేళ్ళప్పుడు అవ్వ పక్కన కూర్చుని పాత చీరలు కుట్టడం మొదలుపెట్టింది. పెనుకొండకు కోడలుగా వచ్చాక భర్త హనుమంతప్ప గొర్రెల వెంట కొండకు పోతే, ఆమె ఇల్లిల్లూ తిరిగి బొంతలు కుట్టింది. ఎవరింట్లో చీరలు వాళ్ళింటి అరుగు మీదే పరిచి, వాళ్ళ కళ్ళ ముందే కోసేది. మిగిలిన పీలికలు కూడా మూట కట్టి ఇచ్చి వచ్చేది. గుడ్డ దొంగిలించిందనే మాట ఆమె మీద ఎప్పుడూ రాలేదు. అందుకేనేమో, ఆ మాట ఇంకొకరి మీద వేయడానికి ఆమె పెద్దగా వెనకాడేది కాదు.

రెండేళ్ళుగా కమ్యూనిటీ హాలులో ఆడవాళ్ళకు బొంత కుట్టడం నేర్పుతోంది. హిందూపురంలోని ఒక సంస్థ నడిపే తరగతి అది. ఈ శనివారం అక్కడి నుంచి హేమలత మేడం వస్తుంది. ఈసారి బొంత చూసి, తరగతి కొనసాగాలా, కొనసాగితే ఎవరు నేర్పాలి అన్నది చెప్పిపోతుంది. ఇప్పుడు బుధవారం.

మొదటిరోజు పాఠం కుళ్ళాయమ్మ ఎప్పుడూ ఒకేలా చెబుతుంది. గుడ్డను ముందు ఉతికి ఎండేయాలి, లేకపోతే కుట్టిన తర్వాత ఒక ముక్క కుంచించుకుపోయి పక్కదాన్ని లాగుతుంది. ఇస్త్రీ చేసి అట్ట పెట్టాలి. చుట్టూ చాక్‌పీసుతో గీసి, అట్ట తీసేసి, గీత మీద కత్తెర నడపాలి. రెండు ముక్కల మంచి మొహాలు ఎదురెదురుగా పెట్టి, అంచు నుంచి పావు అంగుళం లోపల కుట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైంది చివర్లో చెబుతుంది.

“కోసిన ముక్కను పెట్టి ఇంకో ముక్క కోయొద్దు. మీకు సులువనిపిస్తాది. ఒక్కోసారి ఒక్కో దారమంత పెరుగుతాది, కంటికి కానరాదు. ఇరవై ముక్కలు పోయేతలికి వేలెడు పెరిగింటాది. ప్రతి ముక్కకూ అట్టే పెట్టాల. అట్ట అబద్ధం చెప్పదు.”

ఇప్పుడు ఆ అట్టే అబద్ధం చెప్పినట్టుంది. ఎర్రముక్కలు నేర్చుకునేవాళ్ళు కోశారు. చూపించడానికి ఆకుపచ్చవన్నీ కుళ్ళాయమ్మ కోసింది. తన ముక్కల పక్కన ఎర్రవి చిన్నవిగా కనిపిస్తున్నాయంటే, అట్ట అంచు ఎవరో చెక్కి ఉండాలి. అది ఆమె లెక్క.

మంజులతది ధర్మవరం. పుట్టింట్లో మగ్గం ఉండేది. మొగుడు సురేంద్ర కార్ల ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడని పెనుకొండ వచ్చి ఉంటోంది. పట్టుపోగులు అతికిన వేళ్ళు కావడంతో రెండోవారానికే ఆమె కుట్టు మిగతావాళ్ళ కంటే సన్నగా పడింది. కుళ్ళాయమ్మ ఆ కుట్టును వేలితో తడిమి, “బాగుండాది,” అని ఊరుకుంది. ఇంకెవరి కుట్టైనా బాగుంటే ఆమె రెండు మాటలు ఎక్కువే చెబుతుంది.

ఈ వారంలో ఆమె చాలా గమనించింది. మంజులత అందరికంటే ముందు వస్తోంది. ఎదురు టీ కొట్టులో తాళంచెవి అడిగి తీసుకుంటోంది. తాను లోపలికి అడుగు పెట్టగానే చేతిలో ఉన్నదేదో సంచిలో పెట్టేస్తోంది. మంగళవారం ఆకుపచ్చ ముక్కలు లెక్కపెడితే ఇరవై రెండే ఉన్నాయి. మరుసటి పొద్దున ఇరవై ఎనిమిదీ ఉన్నాయి. పైగా, హేమలత మేడం మంజులతకు ఫోన్ చేసిందని నరసక్క చెప్పింది.

“నీకెవురు చెప్పినారు?” అని అడిగింది కుళ్ళాయమ్మ.

“నా చెవులు చెప్పినాయి వదినా,” అంది నరసక్క. “‘కుళ్ళాయక్క బాగుండాది మేడం, ఏం లేదు మేడం’ అంటా ఉండె. ఏం లేకపోతే మేడం ఎందుకు అడుగుతాదంట?”

గురువారం మంజులత నీళ్ళకు బయటికి పోయినప్పుడు కుళ్ళాయమ్మ ఆమె సంచి తెరిచింది. పాత పేపరులో చుట్టిన పొట్లం ఒకటి దొరికింది. విప్పితే ఆకుపచ్చ పీలికలు. కొన్ని దారమంత, కొన్ని గడ్డిపోచంత సన్నవి. పొడవు మాత్రం అన్నిటిదీ ఒకటే, అట్ట పొడవు.

మంజులత బిందెతో వచ్చేసరికి పొట్లం చాప మధ్యలో ఉంది.

“నేను కోసిన ముక్కల్ని నువ్వు మళ్ళా కోస్తాండావు,” అంది కుళ్ళాయమ్మ. “అవునా, కాదా?”

“అవును.”

ఆ మాట వస్తుందని కుళ్ళాయమ్మ అనుకోలేదు. కాదంటే చెప్పడానికి చాలా సిద్ధం చేసుకుంది.

“ఎందుకు?”

మంజులత బిందె దించి, నరసక్క వైపు ఒకసారి, మిగతా ముగ్గురి వైపు ఒకసారి చూసింది. “ఇప్పుడు కాదు అక్కా.”

“శనివారం మేడం ముందర చెప్తువు లే. ఆమె ముందరే తేలుస్తా.”

ఆ సాయంత్రం హనుమంతప్పకు రాగిముద్ద వడ్డిస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన సగం విన్నాడు.

“ఆ పిల్లకు నీ కుర్చీ కావాలంటావు.”

“కుర్చీ యాడుండాది? చాపే.”

“చాపే అనుకో.” ఆయన ముద్దను పులుసులో అద్దుకున్నాడు. “గొర్రె తప్పితే నేను ముందు నా మందే లెక్క ఎంచుకుంటా. ఆనకే పక్కోని మందలోకి పోతా. ఎంచుకోకుండా పోయి రెండు తూర్లు తిట్లు తింటి.”

“నా మందకేమైంది?”

“ఏం కాలేదనే ఎంచుకో.”

శుక్రవారం కొండ నీడ ఇంకా రోడ్డు మీదే ఉండగా ఆమె హాలు తెరిచింది. మంజులత రాలేదు. కుళ్ళాయమ్మ కిటికీ కింద కూర్చుని, అట్టను గోడవారగా ఉన్న, పాత బొంతకు కోసి మిగిలిన ముక్క మీద పెట్టి చూసింది. రెండేళ్ళ కిందటి ముక్క. అట్ట దానికి సరిగ్గా సరిపోయింది. అంటే దాన్ని ఎవరూ చెక్కలేదు.

ఎర్రముక్కలు ఒక్కొక్కటే అట్ట మీద పెట్టి బొటనవేలితో అంచులు తడిమింది. ఎక్కడా ఎక్కువ తక్కువ లేదు. ఆకుపచ్చవి తీసుకుంది. కొన్ని సరిపోయాయి. వాటి అంచుల్లో రెండు పక్కలు కొత్తగా కోసినవని వేలికి తెలిసింది. మిగిలినవి అట్ట దాటి ఉన్నాయి. వాటిని చిన్నది కిందికి, పెద్దది పైకి వచ్చేలా పేర్చింది. ఒక్కో ముక్క కింది ముక్క కంటే దారమంత పెద్దది. అన్నిటికంటే పైది గోరంత ఎక్కువ.

పైదాన్ని తీసి అట్టకు ఆనించి చూసి, మళ్ళీ దొంతర మీదే పెట్టింది.

తర్వాత మిగిలిన ఆకుపచ్చ చీర కొంగు తీసి పరిచింది. లేత రంగు చీర అది. అట్ట పెట్టి, చాక్‌పీసుతో గీసి, అట్ట తీసింది. గీత కనిపించలేదు. గుడ్డను కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుంది. అక్కడా కనిపించలేదు. మళ్ళీ పరిచి కత్తెర తీసుకుంది. ఎడమచెయ్యి దానంతట అదే దొంతర మీది ముక్కను తీసి గుడ్డ మీద పెట్టింది. వేళ్ళు దాని అంచు పట్టుకున్నాయి, కత్తెర ఆ అంచు వెంట కదలబోయింది.

కుళ్ళాయమ్మ ఆగింది. ముక్క మీది తన చెయ్యిని చూసుకుంది.

“గీత కనపడల్యా అక్కా?”

మంజులత గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియలేదు.

“ఎప్పుట్నుంచి తెలుసు నీకు?”

“పదిరోజులు. మొదట్లో ఎర్రపీలిక మీద గీసి చూపినప్పుడు నువ్వు గీత మీద్నే కోస్తివి. పచ్చదాని మీద గీసి, ‘చాక్‌పీసు మంచిది కాదు’ అని పారేస్తివి. నేను అదే ఎత్తుకొని గీసి చూసినా. పడింది.”

“అట్ట ఇంటికెందుకు ఎత్తకపోతివి?”

“పచ్చముక్కలు సరిచేసేదానికి. ఈడ చేస్తే అందురూ చూస్తారు కదా.”

“నాతో చెప్పొచ్చు కదమే.”

“చెప్తే నమ్ముతువా?”

కుళ్ళాయమ్మ చీర కొంగు మడత పెట్టసాగింది. అంచులు కలవకపోతే విప్పి మళ్ళీ మడిచింది. ఆమె మనసులో ఇంకొకటి మిగిలే ఉంది.

“మేడం నీకెందుకు ఫోన్ చేసె?”

“పోయినసారి నువ్వు సంతకం గీత మీద పెట్టలేదంట. ఒంట్లో బాగుండాదా అని అడిగింది. బాగుండాది అన్నా.”

“నా జాగా నీకు వద్దా, అయితే?”

మంజులత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, దొంతరకు అవతల కూర్చుంది.

“కావాల,” అంది. “మా నాయన మగ్గం అమ్మినాంక నా చేతులకు పనే లేదు. కావాల అక్కా. ఇట్ల వచ్చేది మాత్రం వద్దు.”

ఆ మాటను ఎంతవరకు నమ్మాలో కుళ్ళాయమ్మకు తెలియలేదు. పెద్దముక్కలన్నిటినీ ఆమె ముందుకు తోసింది. అట్ట, కత్తెర కూడా తోసింది. కత్తెరను మాత్రం చివరి దాకా పట్టుకుని వదిలింది.

తొమ్మిదింటికి మిగతావాళ్ళు వచ్చేసరికి ఆకుపచ్చ ముక్కలన్నీ ఒకే కొలతకు వచ్చాయి. పాత వరుసలు విప్పి మళ్ళీ కుట్టారు. ఒక వరుస కుట్ల అంచులు కుడికి, తర్వాతి వరుసవి ఎడమకు తిప్పి నొక్కితే మూలలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. కింద రెండు పాత చీరలు పరిచి, మధ్య నుంచి అంచులకు కచ్చాకుట్టు వేశారు. కుళ్ళాయమ్మ వేలితో ఒక్కో మూల తడుముతూ, “బత్తలపల్లి. బత్తలపల్లి,” అంటూ పోయింది. పొట్లం సంగతి ఏమైందని నరసక్క రెండుసార్లు అడిగింది. ఎవరూ చెప్పలేదు.

“అయితే ఏమో ఉండాది,” అంది నరసక్క.

శనివారం పదకొండింటికి హేమలత మేడం వచ్చింది. బొంతను బల్ల మీద పరిపించి, తిప్పి చూసి, అంచులు లాగి చూసింది.

“మా తట్టు దీన్ని కౌది అంటాము,” అంది. “మా అవ్వ కుట్టిందానికి కూడా మూలలు ఇంత బాగా కలిసుండలేదు. కోసింది ఎవరు?”

నరసక్క సూది ఆపింది. మంజులత తల వంచుకుని దారం చుట్టుకుంటోంది.

“ఎర్రవి వీళ్ళు కోసినారు,” అంది కుళ్ళాయమ్మ. “పచ్చవి నేను కోసినా. తప్పు కోసినా. ఈ మంజులత సరిచేసింది.”

ఆమె లేచి, తన ఇత్తడి పిడి కత్తెరను బొంత మీద, మంజులత వైపు పిడి ఉండేలా పెట్టింది.

“సోమవారం నుంచి పాఠం ఈమె చెప్తాది మేడం. నేను హిందూపురం కంటి ఆసుపత్రికి పోతాండా. తిరిగొచ్చినాంక కొత్తోళ్ళ వరసలో కూర్చుంటా, మొదటిరోజు పాఠం నుంచి.”