బావ పెట్టిన బెల్టు

మా బావ మంచివాడని ఇప్పుడు గోడౌన్‌లో అందరూ అంటున్నారు. నాకు వినబుద్ధి కాదు. అప్పట్లో ఆయనకి హారన్ అని పేరుపెట్టి నవ్వింది ఈ జనమే. నేను మాత్రం నవ్వలేదు, తిట్టుకున్నాను. ఆయన మా అక్క మొగుడు, సరుకెత్తి మోసే ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్. నేను అక్కడే లోడింగ్ కూలీని. ఆ బండి సీటు మీద నాకు నాలుగేళ్లుగా కన్ను.

పొద్దున్నే బండి చుట్టూ తిరిగేవాడు. టైర్లు చూడడం, గొలుసులు చూడడం, కింద నూనె చుక్క పడిందేమోనని వంగి చూడడం. లారీ దగ్గర మాకు కాళ్లు పీకుతుంటే ఆయన తీరిగ్గా హారన్ కొట్టి, బ్రేకు తొక్కి, కాగితం మీద టిక్కులు పెట్టుకునేవాడు. మలుపు మలుపుకీ హారన్. అవతల పురుగు లేకపోయినా హారనే. ఇంట్లోనూ అదే గోల. అక్క కుర్చీ ఎక్కి బల్బు మార్చబోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఎప్పుడైనా కళ్లముందు ఏదైనా ప్రమాదం జరిగిందేమో, ఆ భయమేమో అని అక్కని అడిగాను.

"ఏం జరగలేదురా. ఆయన పుట్టుకే అంత," అంది.

కొత్త ఆపరేటర్లకి పరీక్ష పెట్టేది కూడా ఆయనే. మొదటిసారి సరుకెత్తే ఇనప ఫోర్కులు నేలకి దించకుండా బండి దిగానని నన్ను ఫెయిల్ చేశాడు. రెండోసారి సరుకు పైకెత్తి ఉంచి మలుపు తిప్పానన్నాడు. పదిమందిలో నిలబెట్టి, "నీకు బండి ఇస్తే నేను మీ అక్క మొహం చూడలేను," అన్నాడు. నా కడుపు మండిపోయింది. ఆ రోజుతో మాటలు బంద్. నా మకాం వాళ్లింట్లోనే. ఎదురెదురుగా కూర్చుని తింటూ కూడా, "ఆ నీళ్లు ఇటు జరపమను," అని అక్కకి చెప్పేవాణ్ణి.

మా గోడౌన్‌లో పాత డ్రైవర్ల నాటి అలవాటు ఒకటుంది. బండి తాహతుకి మించిన బరువెత్తితే వెనకచక్రాలు లేస్తాయి. అవి లేవకుండా ముగ్గురు నలుగురు కూలీలు బండి వెనక ఎక్కి నిలబడేవాళ్లు. మనుషులే తూకపు రాళ్లన్నమాట. బావ వచ్చాక అది ఆగింది గానీ, ఎవరూ మర్చిపోలేదు.

ఒక రోజు లారీలో మోటారు పెట్టె వచ్చింది. మూడున్నర టన్నులు. బండి ఎంత ఎత్తగలదో రాసి కొట్టిన రేకు మీద రెండున్నర అనే ఉంది.

"వెనక ముగ్గుర్ని ఎక్కించు," అన్నాడు మేనేజర్.

"క్రేన్ తెప్పించండి సార్."

"రెండు నిమిషాల పనికి క్రేనేంటయ్యా?"

బావ తాళం తీసి జేబులో వేసుకుని, క్యారియర్ విప్పుకుని భోజనానికి కూర్చున్నాడు. మేనేజర్ మొహం కందగడ్డయింది. లారీ ఆ రోజంతా కదల్లేదు.

మర్నాడు పొద్దున బావని లోడింగ్‌లోకి తోశారు. మేనేజర్ తనే సంతకం పెట్టి నా చేతికి ఆపరేటర్ కార్డు, తాళం ఇచ్చాడు. అబద్ధమెందుకు, నేను గాల్లో తేలిపోయాను.

"ఎక్కండ్రా ముగ్గురు!" అని కేకేశాడు మేనేజర్. ముందుగా ఎక్కింది పహిల్వాన్. పుల్లలా ఉంటాడు కాబట్టి మేం పెట్టిన పేరది.

"నువ్వెక్కితే ఉన్న బరువు కూడా తగ్గుద్దేమోరా," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. ఇంకో ఇద్దరు ఎక్కారు.

బావ నేరుగా నా దగ్గరికొచ్చాడు. తాళం లాక్కుంటాడేమోనని దాని మీద చెయ్యి వేశాను. ఆయన తాళం జోలికి రాలేదు. నేను పక్కకి తోసేసిన సీటు బెల్టు తీసి, నా పొట్ట మీదుగా లాగి బిగించాడు.

"బండి ఒరిగితే దూకకు. స్టీరింగ్ పట్టుకుని లోపలే ఉండు."

"పో బావా, నీ పని చూసుకో."

ఎన్నో నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

పెట్టె లేచింది. దర్జా చూపిద్దామని బండిని ఒక్క కుదుపుతో వెనక్కి లాగాను. పెట్టె ముందుకి తూగింది, నా సీటు పైకి లేచింది. దూకబోయాను, బెల్టు దూకనివ్వలేదు. వెనకున్న ముగ్గురూ దూకారు. పెట్టె జారి పడింది. బరువు తప్పిన బండి వెనకభాగం ధన్‌మని నేలకి దిగింది. పహిల్వాన్ పాదం దాని కింద ఉంది.

సాయంత్రానికి ఆస్పత్రిలో ఆ పాదం తీసేశారు.

మేనేజర్ నన్ను గదిలో కూర్చోబెట్టి కాగితం ఇచ్చాడు. "వాళ్లంతట వాళ్లే ఎక్కారు, నువ్వు చూళ్లేదు అని రాయి. కార్డు నీ దగ్గరే ఉంటుంది." ఆయన బయటికెళ్లాక రెండు లైన్లు అలాగే రాశాను. తలెత్తితే గుమ్మంలో బావ.

"నెగ్గావుగా! ఇప్పుడు కడుపు నిండిందా?" అని అరిచాను.

ఆయన లోపలికొచ్చి కాగితం చదివాడు.

"నిన్న తాళం తీసి జేబులో వేసుకున్నానా? ఇవాళ ఎందుకు తియ్యలేదో తెలుసా?" అన్నాడు. "ఉక్రోషంరా. నీకూ, ఆ మేనేజర్‌కీ తెలిసిరావాలనుకున్నా. నువ్వు మా ఆవిడ తమ్ముడివని నీకొక్కడికే బెల్టు పెట్టా. ఆ వెనకున్న ముగ్గురికీ అక్కలు లేరా? నా పేరు కూడా రాయి."

ఆ కాగితం చింపేశాను. మేనేజర్ ఎక్కమన్నాడని, నేను చూశానని, చూసి నవ్వానని, అయినా పెట్టె ఎత్తానని రాశాను. చివర్లో బావ చెప్పింది చెప్పినట్టే పెట్టాను.

నా కార్డు పోయింది. మేనేజర్‌ని ఇంకో గోడౌన్‌కి మార్చారు, ఆయనకైన శిక్ష అంతే. బావని మళ్లీ సీటెక్కించారు. నీ మాట వినుంటే బాగుండేదని ఎవరైనా అంటే ఆయన చిరాగ్గా తల తిప్పుకుంటాడు. ఇప్పుడు పహిల్వాన్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీ నంబర్లు రాస్తాడు. బావ బండి అటు వెళ్లినప్పుడల్లా హారన్ కొడుతుంది. పహిల్వాన్ మాత్రం తలెత్తడు.