సొరుగులో ఉండిపోయిన చిట్టీ

పోయిన వారం మా క్లినిక్‌లో ఒక వింత జరిగింది. వింత అని నాకు మాత్రమే అనిపించింది లెండి. తుక్కుగూడ నుంచి వచ్చిన ఒకావిడకి కింది దవడ పన్నులో పుచ్చు నరం దాకా దిగిపోయి, పక్కన చిగురు కూడా వాచి ఉంది. ఇది నా చేతి పని కాదు, పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలి అనుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ లెటర్ ప్యాడ్ కోసం సొరుగు లాగేలోపే, నా దగ్గర పనిచేసే నర్సమ్మ ఫోనులో పళ్ళ డాక్టర్ల యాప్ తెరిచి, పన్ను బొమ్మ మీద ఒకసారి వేలితో నొక్కి, ఎక్స్‌రే ఫోటో జతచేసి పంపించేసింది. ఎన్నింటికి రావాలో అవతలి నుంచి జవాబు కూడా వచ్చేసింది. ఆవిడ నాకో నమస్కారం పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేను మాత్రం సగం లాగిన సొరుగు ముందు అలాగే కూర్చుండిపోయాను. ఆ సొరుగు అడుగున, ప్యాడ్ కింద, మడతపెట్టిన కాయితం ఒకటి ఉందని నాకు ఏళ్ళ తరబడి తెలుసు. దాని సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా వయసు వాళ్ళు చదివితే నన్ను మరీ అసహ్యించుకోరన్న ధైర్యంతో ఇవాళ చెబుతున్నాను.

మాది కోస్తా. బి.డి.ఎస్. పూర్తిచేసి నేను శంషాబాద్ వచ్చేనాటికి ఇక్కడ విమానాల ఊసు లేదు. బెంగుళూరు రోడ్డు మీద లారీలు, రోడ్డు దిగితే ద్రాక్షతోటలు, బజారులో ఒక మందుల దుకాణం, దాని పైన రెండు గదులు. ఆ రెండు గదుల్లోనే నా సంసారమూ నా వైద్యమూ మొదలయ్యాయి. పన్ను పీకడం, సిమెంటు పెట్టడం, కట్టుడు పళ్ళు చేయించడం, చిగుళ్ళు శుభ్రం చెయ్యడం, అన్నీ నేనే. కరెంటు పోతే, నోరు తెరిచి కూర్చున్న మనిషితో వానల గురించి మాట్లాడుతూ మళ్ళీ వచ్చేదాకా కాలక్షేపం చేసేవాణ్ణి. ఆయన జవాబు చెప్పలేడు కనుక ఆ సంభాషణలో నేనే ఎప్పుడూ నెగ్గేవాణ్ణి. పై చదువు చదవాలని కోరిక ఉండేది, కానీ నాన్నగారు అర్ధంతరంగా పోవడంతో ఇల్లు నా మీద పడింది, ఆ కోరిక అక్కడితో సరి.

ఆ చదువు నా బదులు మా బావమరిది చదివాడు. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇంటర్ అయ్యాక ఏం చదవాలో తోచక మా ఇంటికి వచ్చి మూడు వారాలు కూర్చుంటే, పళ్ళ డాక్టరు చదువు చదవరా అని చెప్పినవాణ్ణి నేనే, దరఖాస్తు నింపించినవాణ్ణి నేనే, నా పాత పుస్తకాలు అట్టపెట్టెలో కట్టి పంపినవాణ్ణీ నేనే. వాడు నేను ఆగిపోయిన చోట ఆగలేదు. రూట్ కెనాల్ వైద్యంలో ఎం.డి.ఎస్. చేశాడు. వాడికి వచ్చిన భార్య చిగుళ్ళ వైద్యంలో స్పెషలిస్టు. విమానాశ్రయం వచ్చిన కొన్నాళ్ళకి ఇద్దరూ కలిసి ఎయిర్‌పోర్టు రోడ్డులో అద్దాల తలుపులతో ఒక క్లినిక్ తెరిచారు. ప్రారంభోత్సవం రోజు మా ఆవిడ కొత్త పట్టుచీర కట్టుకుని ప్రతి గదీ తిరిగి చూసి, పన్ను లోపలి సందులు పెద్దవిగా చూపించే మైక్రోస్కోపు దగ్గర ఆగి, "మా తమ్ముడి దగ్గర ఉన్నది ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదుటండీ" అంది. ఆ చుట్టుపక్కలలో నేనూ ఉన్నానన్న సంగతి ఆవిడకి తట్టలేదు.

అప్పటి నుంచి నేను వాడికి రోగుల్ని పంపడం మొదలైంది. మన రోజుల్లో దానికొక పద్ధతి ఉండేది. రోగికి ఏమైందో, మనమేం చేశామో, ఏం చెయ్యమని కోరుతున్నామో ఒక చిట్టీ రాసి చేతికివ్వాలి. అవతలి డాక్టరు తన పని చేసి, ఏం చేశాడో రాసి, మిగతా పనికి రోగిని మళ్ళీ మన దగ్గరికే పంపాలి. ఇంట్లో ఒరేయ్ అని పిలిచేవాణ్ణి, చిట్టీలో మాత్రం 'డియర్ డాక్టర్' అని మొదలుపెట్టి 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని ముగించేవాణ్ణి. వాడి జవాబులు చక్కగా టైపు చేసి, చికిత్సకి ముందూ తరవాతా ఎక్స్‌రేలతో, చివర నాకు కృతజ్ఞతలతో వచ్చేవి. నేను వాటిని దిద్దే మాస్టారులా చదివేవాణ్ణి. ఒకసారి ఒక స్పెల్లింగు తప్పు దొరికితే ఆ రోజంతా హుషారుగా ఉన్నాను, సాయంత్రం మిరపకాయ బజ్జీలు కూడా తీసుకెళ్ళాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, ఊరికే అన్నాను.

అసూయ అనే మాట రాయడానికి ఇంతసేపు పట్టింది. అవును, అసూయే. నేను పంపినవాళ్ళు తిరిగొచ్చి, నొప్పే తెలియలేదు సారూ, సూది గుచ్చినట్టే లేదు సారూ అంటూంటే నా మొహాన నవ్వు ఉండేది, లోపల మాత్రం మండేది. విదేశాల నుంచి దిగినవాళ్ళు ఇంటికి కూడా పోకుండా పెట్టెలతో సహా వాడి అద్దాల తలుపు తోసుకుని వెళుతున్నారని విన్నప్పుడు మండేది. వాడేమన్నా నా రోగుల్ని లాక్కున్నాడా అంటే అదీ లేదు. పన్నుకి తొడుగు వెయ్యడానికి తప్పకుండా నా దగ్గరికే పంపేవాడు. వాళ్ళలో సగం మంది దారి మరిచిపోయి మళ్ళీ వాడి దగ్గరికే పోతే అది వాడి తప్పు కాదు. వాడు ఒక్క తప్పు చేసినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

అలాంటి రోజుల్లో వచ్చాడాయన. కొత్తూరు వైపు పల్లె, పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నాకు పాత మనిషి, వాళ్ళ నాన్నకి కట్టుడు పళ్ళు నేనే చేయించాను. పై వరసలో ముందు పన్ను ఒకటి చిన్నప్పుడెప్పుడో దెబ్బతిని నల్లబడింది. ఇప్పుడది ఊగుతోంది, చిగురు నొక్కితే చీము. క్లారినెట్ వాయించేవాళ్ళు పై పళ్ళని దాని పీక మీద ఆనించి ఊదుతారని ఆయన కుర్చీలోంచే చేతులు పెట్టి చూపించాడు.

"ఇది ఊగుతుందంటే నా ఇల్లు ఊగుతున్నట్టే సారూ. లగ్గాలల్ల ఊదకపోతే ఇగ నేనేంది?"

దెబ్బతిన్న పన్నులో నరం దారి ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి మూసుకుపోతుంది. దాన్ని వెతికి పట్టుకోవాలంటే నా చేతి పనిముట్లు చాలవు, ఆ మైక్రోస్కోపు కావాలి. చిగురు కోసి లోపల శుభ్రం చెయ్యాలంటే వాడి భార్య కావాలి. ఇద్దరూ ఒకే చోట ఉన్నారు, బస్సెక్కితే పావుగంట. నేను చిట్టీ రాశాను. డియర్ డాక్టర్ అని, పన్ను నంబరు, చీము, ఊగడం, అన్నీ రాసి సంతకం పెట్టాను. ఇవ్వబోతూ ఉండగా ఆయన మామూలుగానే ఒక మాటన్నాడు. మొన్న వాళ్ళ బ్యాండు మేస్త్రీ ఎయిర్‌పోర్టు కాడి దవాఖానకి పోయాడట, అక్కడి డాక్టరు చెయ్యి బంగారమట, శంషాబాద్‌లో అసలు పండ్ల డాక్టరంటే ఆయనేనట.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ కాయితాన్ని మడిచి సొరుగులో పెట్టాను. ముందు ఇక్కడే చూద్దాం అన్నాను.

ఐదు నెలలు చూశాను. పళ్ళ గార తీశాను, మాత్రలు ఇచ్చాను, పుక్కిలించే మందు ఇచ్చాను, ఊగే పన్నుని పక్క పన్నుతో సన్నటి తీగ వేసి కట్టాను. లోపలి జబ్బు ముట్టకుండా పైపై పూతలు పూస్తున్నానని నాకు తెలుసు. ప్రతిసారీ ఆయన వెళ్ళాక సొరుగు వైపు చూసేవాణ్ణి, వచ్చేసారి పంపుదాంలే అనుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళు మొదలయ్యే ముందు వారం ఆయన మళ్ళీ వచ్చేసరికి పక్క పన్ను కూడా కదలడం మొదలుపెట్టింది. అప్పుడు భయం వేసింది. భయం అసూయ కంటే పెద్దదని ఆ రోజు తెలిసింది. పాత చిట్టీ మీద పాత తేదీ ఉంది, అది ఇస్తే నా బండారం బయటపడుతుంది. కొత్తది రాసి ఆ పూటే పంపించాను.

పక్క పన్నుని వాళ్ళిద్దరూ కలిసి దక్కించారు. నల్లబడినది దక్కలేదు, పట్టుకోవడానికి చుట్టూ ఎముకే మిగల్లేదు. వాడి జవాబు వచ్చింది. ఎప్పటిలాగే టైపు చేసి, ఎక్స్‌రేలతో. జబ్బు స్వభావం వల్ల పన్నుని కాపాడలేకపోయాం అని ఉంది. జబ్బు స్వభావం వల్ల! ఆలస్యం వల్ల అని లేదు. నా ఎక్స్‌రేల మీద తేదీలు వాడు చూసే ఉంటాడు, తీగ కట్టు చూసే ఉంటాడు. ఆ కాయితంలో తప్పు కోసం నాలుగుసార్లు వెతికాను, ఎక్కడా దొరకలేదు.

జవాబు తెచ్చింది ఆయనే. ముందు పన్ను పోయిన సందు కనపడకుండా రుమాలు అడ్డం పెట్టుకుని, నా ఎదుట స్టూలు మీద కూర్చుని, నేను జన్మలో మరిచిపోలేని మాట చెప్పాడు.

"మీరు అప్పుడే చిట్టీ రాసి సొరుగుల వెట్టిండ్రు, నేను చూసిన సారూ. గరీబోడు, గంత పెద్ద దవాఖానల ఏడ చూపిచ్చుకుంటడని నా మీద జాలిపడి ఆపిండ్రు. ఆ డాక్టర్ సారుకు గూడ గదే చెప్పిన. మీ అసొంటోళ్ళు ఉండరని చెప్పిన."

మరి ఆయనేమన్నాడని అడిగాను.

"అవును, మా బావగారి మనసు మంచిదన్నడు సారూ."

అంటే వాడికి అంతా తెలుసు. చిట్టీ రాశాననీ తెలుసు, దాచాననీ తెలుసు, ఎందుకు దాచానో తెలుసుకోలేనంత అమాయకుడు కాదు. ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, అక్క వడ్డించిన గుత్తివంకాయ కూర మెచ్చుకుంటూ, ఎయిర్‌పోర్టు రోడ్డు ట్రాఫిక్ గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆ తరవాత కూడా కొన్ని నెలలు మా ఆవిడ మొహం చూసేవాణ్ణి, వాడు చెప్పాడేమో, ఆవిడ కళ్ళలో ఏమన్నా మారిందేమో అని. ఏమీ మారలేదు. వాడు వాళ్ళక్కకి కూడా చెప్పలేదు. నిజం చెప్పాలంటే వాడి చేతి నైపుణ్యం చూసి పడ్డ అసూయ కంటే ఆ మౌనం చూసి పడ్డ అసూయే ఎక్కువ. మైక్రోస్కోపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఆయనకి తరవాత నేనే కట్టుడు పన్ను బిగించాను. ఎంత జాగ్రత్తగా చేశానో ఆ పైవాడికే తెలియాలి. అయినా ఊపిరి ఎక్కడో జారుతోందనీ, మునుపటి నాదం రావడం లేదనీ అన్నాడు. రెండేళ్ళ తరవాత శంషాబాద్ అవతల ఒక ఫంక్షన్ హాలులో పెళ్ళికి వెళితే బరాత్ ముందు వాళ్ళ బ్యాండు కనిపించింది. క్లారినెట్ వాళ్ళ తమ్ముడి చేతిలో ఉంది. ఆయన పక్కన నడుస్తూ మెడలో డ్రమ్ము వేసుకుని వాయిస్తున్నాడు. ఆట ఆగినప్పుడు నన్ను చూసి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఎలా ఉన్నావయ్యా అంటే తమ్ముడి వైపు చూపించాడు.

"మంచిగ ఊదుతుండు సారూ, నా కంటె మంచిగనే. జర మండుతది, అబద్ధమెందుకు చెప్పాలె. గని నేను దెబ్బ తప్పితే వాని పాట ఖరాబైతది గద."

మళ్ళీ ఆట మొదలైంది, ఆయన పరుగెత్తి తన చోటికి వెళ్ళిపోయాడు. నేను పెళ్ళి భోజనం చెయ్యకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆ తరవాత నేను ఏ చిట్టీనీ ఆపలేదు. మంట ఆగిందా అంటే, ఆగలేదు. రాసి, మంటతోనే చేతికిచ్చి పంపేవాణ్ణి.

ఇప్పుడు చిట్టీలూ లేవు. నర్సమ్మ ఫోను నొక్కడం, రోగి వెళ్ళిపోవడం. ఈ ఫోను ఆ రోజుల్లో ఉండి ఉంటే ఆయన పన్ను దక్కేది, క్లారినెట్ ఇంకా ఆయన పెదవుల మీదే ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చిట్టీ రాస్తున్నంతసేపు మనిషి నా ఎదుట కూర్చునేవాడు. ఊళ్ళో సంగతులు, పొలాలు ప్లాట్లయిన సంగతులు, బిడ్డల సంగతులు చెప్పేవాడు. ఎవరిని పంపుతున్నానో నాకు తెలిసేది. మొన్న తుక్కుగూడ ఆవిడ పేరేమిటో, నిజం చెబుతున్నాను, నాకు గుర్తులేదు.

నాకూ వెనక పన్ను ఒకటి నెల రోజులుగా సలుపుతోంది. ఎక్స్‌రే తీసి చూసుకుంటే రూట్ కెనాల్ తప్పదని తేలింది. నర్సమ్మ నన్నడక్కుండానే నొక్కేసింది, సోమవారం పదింటికి రమ్మని బావమరిది దగ్గర నుంచి జవాబు వచ్చింది. నిన్న సొరుగు పూర్తిగా లాగి ఆ కాయితం బయటికి తీశాను. మడత దగ్గర సిరా చెదిరింది గానీ తేదీ స్పష్టంగానే ఉంది. సోమవారం దాన్ని జేబులో పెట్టుకుని వెళ్తాను. కుర్చీ ఎక్కి నోరు తెరిచాక మనిషి మాట్లాడలేడు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు. అందుకని కూర్చోకముందే ఇచ్చెయ్యాలి.