మాస్టారి ల్యాప్‌టాప్ లేచేదాకా

సాలూరులో సత్యరాజు మాస్టారి ల్యాప్‌టాప్ లేవడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈ సంగతి బొబ్బిలి బస్సు ఎన్నింటికో తెలియనివాళ్ళకి కూడా తెలుసు. మూత ఎత్తి మీట నొక్కగానే తెర మీద ఒక తెల్లటి గుండ్రం పుడుతుంది. అది తిరుగుతుంది, తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. ఎదటివాడు ఎంత తొందరలో ఉన్నా మాస్టారు చెప్పేది ఒక్కటే మాట.

"లెగుస్తాది, కూకో."

చూడ్డానికి అదేం పెద్ద వస్తువు కాదు. పలక కంటే కొంచెం ఎక్కువ, ఇంట్లో బైబిలు కంటే కొంచెం పల్చన. ముప్పై ఏళ్ళు నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేసిన వారమే మాస్టారు విజయనగరం వెళ్ళి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చిన్నదాన్నీ చవకదాన్నీ ఏరి తెచ్చుకున్నారు. చంకలో పెట్టుకుంటే ఇంకా గొడుగుకి కూడా చోటు ఉండేది. ఆయన భార్య జ్ఞానసుందరి పాత దుప్పటి కత్తిరించి దానికో సంచి కుట్టింది. అయితే మాస్టారి వేళ్ళకి ఇన్‌స్టిట్యూట్ మూసేసిన కబురు ఇంకా అందలేదు. ఒక్కో మీటనీ మేకు దిగ్గొట్టినట్టు కొట్టడం, వరస చివరికి రాగానే టైపు మిషన్ని తోసినట్టు ఎడం చేత్తో ఒక్క తోపు తొయ్యడం. రెండుసార్లు ల్యాప్‌టాప్ బల్ల మీంచి ఎగిరి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న జ్ఞానసుందరి ఒళ్ళో పడింది. మూడోసారి పడకుండా దాన్ని పురికొసతో బల్లకి కట్టేశారు.

ఆ బల్ల ఉండేది వరండాలో ఒక మూల. నెట్ డాంగిల్‌కి సిగ్నలు అక్కడే అందుతుంది. ఎదురుగా వచ్చినవాళ్ళకి పొడుగాటి బెంచీ. లారీల ఊరు కదా, దాని మీద ఎప్పుడూ ఓ డ్రైవరో, క్లీనరో, ఓనరో కూర్చుని ఉంటాడు. అర్జీ కొట్టాలనో, నోటీసు కావాలనో, టికెట్టు తియ్యాలనో వస్తారు. పరీక్షల పిల్లల్నీ పింఛను ముసలమ్మల్నీ మాత్రం మాస్టారు కూర్చోనివ్వరు. కాగితాలు ఇచ్చి పొమ్మంటారు, సాయంత్రానికి పని అయిపోయి ఉంటుంది. పాపం, వీళ్ళకోసం తెల్లారగట్ల లేచి ఆ డబ్బాని లేపుతున్నారు కాబోలని ఊళ్ళో జాలిపడేవారు.

దీవెనకి జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఆమె మాస్టారి చెల్లెలి కూతురు. పార్వతీపురం నుంచి వచ్చి, ఇక్కడ ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేరి, మావయ్యగారింట్లోనే ఉంటోంది. ఆస్పత్రిలో అన్నీ నిమిషాల మీద జరిగే పనులు. ఇంటికొస్తే ఈ గుండ్రం.

"మావయ్యా, దీనికి మెమరీ వేయిస్తే చాలు. బొబ్బిలిలో మన స్టాన్లీ ఉన్నాడు కదా, గంటలో బాగుచేసేస్తాడు," అంది వచ్చిన వారానికే.

"నిద్రపోతున్నదాన్ని కొట్టి లేపితే పన్లో బుర్రుంటదేటమ్మా?" అన్నారు మాస్టారు. "లెగుస్తాది."

ఆ తర్వాత ఆమె ఆ ఊసు ఎత్తలేదు. తనకేదైనా పని ఉంటే బజార్లో నెట్ సెంటర్‌కి పోయేది. కానీ డ్యూటీ లేని రోజుల్లో, కిటికీ పక్కన బట్టలు మడతపెడుతూ బెంచీ మీది భాగోతం వినక తప్పేది కాదు.

ఒకరోజు లారీ డ్రైవరు దాలయ్య వచ్చాడు. పెళ్ళాం గురమ్మతో గొడవ. ఇంక ఈ ఊర్లో ఉండనని, రాయపూర్‌కి టికెట్టు తియ్యమని, వెళ్ళడానికి మాత్రమే తియ్యమని, రావడానికి అక్కర్లేదని గట్టిగా చెప్పాడు. మాస్టారు మూత ఎత్తారు. గుండ్రం తిరిగింది. పదో నిమిషంలో, పొద్దున్న ఏం తిన్నావని అడిగారు. ఏమీ తినలేదట. జ్ఞానసుందరి చెంబుతో చోడి అంబలి, ఉల్లిపాయ తెచ్చిపెట్టింది. ఇరవయ్యో నిమిషంలో, గురమ్మ ఏమందో దాలయ్య చెప్పాడు. ముప్పయ్యో నిమిషంలో, అంతకు ముందు తనేమన్నాడో కూడా చెప్పాడు. ముప్పై అయిదో నిమిషంలో గురమ్మే క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "తిని సావు, ఎక్కడికి పోతావో పో," అంది. ల్యాప్‌టాప్ లేచేసరికి టికెట్టు కొనేవాడు బెంచీ మీద లేడు.

ఇంకోసారి తాయారు, ఆమె తోడికోడలు లక్ష్మణమ్మ. ఒకే కాలవ తగువు మీద ఒకరికి తెలియకుండా ఒకరు అర్జీ పెడదామని వచ్చి, ఒకే బెంచీ మీద ఇటు చివరా అటు చివరా కూర్చున్నారు. గుండ్రం తిరుగుతున్న కొద్దీ జరుగుతూ జరుగుతూ నడిమికి వచ్చేశారు. చివరికి కాలవ బాగుచేయించమని ఇద్దరూ కలిసి ఒకే అర్జీ కొట్టించుకున్నారు. అది చూసి దీవెన, మావయ్య అదృష్టవంతుడు, లేకపోతే ఈ డబ్బాతో ఈపాటికి దెబ్బలు తినేవాడు అనుకుంది.

2016 జూలైలో ప్రభుత్వ ఆస్పత్రుల్లో నర్సు పోస్టులు పడ్డాయి. దీవెన రెండేళ్ళుగా కాచుకున్నవి. వయసు చూస్తే మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి ఆమెకి అర్హత ఉండదు. ఫారం నింపుదామని కూర్చున్నప్పుడల్లా డ్యూటీ వచ్చి, ఆఖరి రోజు దాకా సాగింది. ఆ రోజు మధ్యాహ్నం నెట్ సెంటర్లో సగం నింపిందో లేదో, వాన పెట్టి కరెంటు పోయింది. ఊరంతా పోయింది. సెంటర్లన్నీ చీకటి. అయిదింటికి గడువు. ఆమె తడుస్తూ ఇల్లు చేరేసరికి నాలుగూ ముప్పై అయిదు.

వరండాలో లారీ ఓనరు జగన్నాధం కూర్చుని ఉన్నాడు. ఇది మూడోసారి రావడం. పద్దెనిమిదేళ్ళుగా తన లారీ తోలుతున్న దాలయ్య, వెనక్కి తీస్తూ కొత్తగా పెట్టించిన గేటుని గుద్దేశాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దని కాగితం కొట్టించాలి. సంతకం పెట్టి మొహాన పడేస్తానని రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ గుండ్రం సగంలో ఉండగానే లోడు వచ్చిందని వెళ్ళిపోయాడు. ఇవాళ పంతం పట్టి కూర్చున్నాడు. గుండ్రం తిరుగుతోంది. పది నిమిషాలైంది.

దీవెన పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి. "అయిదింటికి మూసేస్తారు మావయ్యా," అంది. ఆమెకి లెక్క తెలుసు. పది పోగా ఇంకా ముప్పై నిమిషాలు కావాలి. ఉన్నవి ఇరవై అయిదు.

మాస్టారు ఆమె మొహం చూశారు. గోడ గడియారం చూశారు. తర్వాత జగన్నాధం వైపు చాలాసేపు చూశారు. లోపలికి పట్టుకుపోదామంటే ల్యాప్‌టాప్ బల్లకి కట్టేసి ఉంది, పైగా లోపల సిగ్నలు లేదు. చివరికి, దొంగతనం చేసేవాడిలా, ఎడం చిటికెన వేలు తీసుకెళ్ళి పై మూల మీట మీద ఆనించారు.

గుండ్రం మాయమైంది. వెనకాల తెర ఎప్పుడో లేచి, మొహం కడుక్కుని, పనికి సిద్ధంగా కూర్చుని ఉంది.

మాస్టారు అప్పటికే టైపు మొదలెట్టారు. ఫారం పేజీలు అలా అడిగితే ఇలా వస్తున్నాయి. వరస వరసకీ తోస్తున్నారు, పురికొస తన్నిపట్టి ఆపుతోంది. నాలుగూ యాభై రెండుకి దీవెన దరఖాస్తు నంబరు తెర మీద పడింది. ఆమె దాన్ని చేతి మీద రాసుకుని, కాగితం మీద రాసుకుని, అప్పుడు ఊపిరి తీసుకుంది.

జగన్నాధం లేచి నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ వైపు చూశాడు, మాస్టారి చిటికెన వేలి వైపు చూశాడు, చెప్పులు వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

"అయిపోనాది," అన్నారు మాస్టారు బెంచీ వైపు చూస్తూ. "రేపటేల్నుంచి ఎవుడూ కూకోడు."

దీవెన నవ్వు ఆపుకోలేక ఆ బెంచీ మీదే కూలబడింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. మూడేళ్ళ కిందటే స్టాన్లీ మెమరీ వేశాడట. ఆ రోజు నుంచి అరనిమిషంలో లేస్తోందట. ఆ గుండ్రాన్ని కూడా స్టాన్లీ చేతే పెట్టించారట, నలభై నిమిషాలకి కొలిచి.

"మరి పిల్లలకీ ముసలమ్మలకీ?"

"ఆళ్ళేటి కోపం మీద వస్తారేటమ్మా, కూకోబెట్టడానికి?"

జ్ఞానసుందరి లోపలి నుంచి, ఆ వేళ్ళ తొందర సంగతి కూడా చెప్పెయ్యండి అంది. మాస్టారు పురికొస ముడి సవరిస్తూ చెప్పారు. ఇన్‌స్టిట్యూట్ రోజుల్లో ఆయనది జిల్లాలోనే పేరున్న వేగం. ఒక అన్న వచ్చి, తమ్ముడితో తెంచుకుంటున్నానని కాగితం కొట్టమన్నాడు. చెప్పిన మాట నోట్లోంచి వచ్చేలోపు కొట్టేశారు. సిరా ఆరకముందే సంతకం. ఇరవై ఏళ్ళయింది. ఇప్పటికీ ఆ ఇద్దరూ మన చర్చికే వస్తారు, ఒకడు ఈ గుమ్మంలోంచి, ఒకడు ఆ గుమ్మంలోంచి.

"ఆ రోజు ఓ అరగంట నా రిబ్బను సిక్కడిపోయుంటే బాగుణ్ణు," అన్నారు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. మాస్టారు బల్ల దగ్గర కూర్చున్నారు గాని మూత ఎత్తలేదు. తొమ్మిదింటికి జగన్నాధం వచ్చాడు. బెంచీ మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. కిటికీలో దీవెన చేతిలోని చీర మడత అలాగే ఆగిపోయింది. మాస్టారు తప్పుచేసిన పిల్లాడిలా మూత ఎత్తి, గుండ్రం పుట్టీపుట్టగానే మూల మీట నొక్కేసి, వేళ్ళు సిద్ధం చేసుకున్నారు.

"సెప్పు నాయనా. దాలయ్య కాగితమేగదా. అయిదు నిమషాల్లో అయిపోద్ది."

జగన్నాధం ఖాళీ తెర వైపు చూశాడు. మెడ గోక్కున్నాడు. వీధి చివర లారీ హారను మోగింది. పద్దెనిమిదేళ్ళుగా వింటున్న హారను, అటు తిరిగి చూడక్కర్లేదు.

"అంత తొందరగా లేపేసినారేటి మాస్టారూ," అన్నాడు. "మళ్ళీ పడుకోబెట్టండి. అమ్మా, అంబలుంటే ఓ సెంబు పట్రండి. ఆడికి కూడా."