ఐసులో పెట్టిన రక్తం

పద్నాలుగేళ్లుగా మా ల్యాబ్‌లో ఆరోగ్యవంతుడి రక్తం అంటే నాదే. రోగి రక్తం తీసిన చోటే నాదీ తీయాలి, రెండూ ఒకే సంచిలో రావాలి, రెండింటికీ ఒకే పరీక్ష జరగాలి. పక్కన మంచిది లేకపోతే చెడ్డది చెడ్డదని ఎవడు నమ్ముతాడు? టెక్నీషియన్ సదాశివరావునైన నాకు అలా మోచేతి నిండా సూది మచ్చలు మిగిలాయి. అందులో సగం ఉమారాణి పొడిచినవే.

ఉమారాణిది అనంతపురం. ఇక్కడ రాజధానిలో మునిర్కా పేటలో కిటికీ లేని గదిలో ఉంటూ ఆరేళ్లుగా తెల్ల రక్తకణాల మీద పరిశోధన చేస్తోంది. క్రిమిని వెంటాడి, మింగి, లోపల విషం పోసి చంపే కణాలవి. "మనం బతికుండామంటే లోపల రోజూ హత్యలు జరుగుతాండాయనే సార్" అనేది నవ్వుతూ. మొండిఘటం. తప్పు ఒప్పుకోమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

ఆ జూన్‌లో దీపు అనే నాలుగేళ్ల పిల్లవాడు పక్క ఆసుపత్రిలో చేరాడు. ఒళ్లంతా చీముగడ్డలు, ఒకటి కోస్తే ఇంకొకటి. తండ్రి శేషగిరి గ్రేటర్ నోయిడాలో ఫ్యాక్టరీ పనివాడు, తల్లి భావన. విజయనగరం వాళ్లు. పిల్లవాడి కణాలు క్రిములను మింగుతున్నాయి గానీ చంపలేకపోతున్నాయని ఉమారాణి అనుమానం. అది తేలితేనే సరైన మందులు మొదలవుతాయి. చంపగల కణాలు మా యంత్రంలో వెలుగుతాయి, చేతకానివి వెలగవు.

మొదటిసారి రక్తం తెచ్చినప్పుడు ఉమారాణి రెండు గొట్టాలనూ ఐసు పెట్టెలో పెట్టింది. ఈ కణాలకు చలి పడదని విద్యార్థులకు పాఠం చెప్పేది తనే. ఆ వారమంతా ఐసులో ఉంచాల్సిన వేరే శాంపిళ్లు మోసిన చెయ్యి, అలవాటుగా పెట్టేసింది. దీపు రక్తం వెలగలేదు. నాదీ వెలగలేదు. "శాంపిల్ చెడిపోయింది, మళ్లీ తీయాలి" అని మాత్రం వార్డుకి కబురు చేసింది. నేనూ నోరు మూసుకున్నాను. యంత్రం మీద మా వంతు ఆరు రోజులకు గానీ రాలేదు. ఈలోగా దీపు కాలేయంలో గడ్డ పెరిగి, పొట్ట కోయాల్సి వచ్చింది.

ఏడో రోజు వార్డులో రెండు గొట్టాలూ నింపుకొని మేమిద్దరం బయటికొస్తుంటే శేషగిరి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటమ్మా, మళ్లీనా? మా గుంటడి రగతం తోడేసి అమ్ముకుంటన్నారా?"

"లేదన్నా, ఈ ఒక్కసారికి..."

మాట పూర్తి కాలేదు. ఉమారాణి ముక్కు మీద గుద్దాడు. జుట్టు పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. "ఖూన్ బేచ్‌తే హైఁ!" అని, రక్తం అమ్ముకుంటున్నారని ఎవడో హిందీలో అరిచాడు. అంతే, సంగతేమిటో తెలియని వాళ్లు కూడా మీద పడ్డారు. ఒకడు సెలైన్ స్టాండు ఎత్తి కొడితే నా పళ్లు రెండు ఊడి చేతిలో పడ్డాయి. ఉమారాణి సంచిని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుంది. చెప్పు కాళ్లతో వీపు మీద తన్నారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. సంచి మాత్రం వదల్లేదు.

గార్డులొచ్చి లాగేశాక లేచి కూర్చుని, నోట్లో రక్తం ఉమ్మి, "సారూ, టైమెంత?" అంది.

"పదకొండున్నర."

"కణాలు బతికే ఉంటాయి. పోదాం పదండి."

నా రక్తం వెలిగింది. దీపుది వెలగలేదు. ఆ సాయంత్రమే మందులు మొదలయ్యాయి. శేషగిరిని పోలీసులు పట్టుకుపోయారు. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు?

దెబ్బలు తిన్న నాలుగో రోజు ఉమారాణి వాచిన మొహంతో మళ్లీ వార్డుకి బయల్దేరింది. ఈ జబ్బు చాలాసార్లు తల్లి వైపు నుంచి వస్తుంది, అందుకని భావన రక్తం కూడా చూడాలి. నేను వెంట వెళ్లాను. భావన మంచం పక్కన కూర్చుని కొడుకు పొట్ట మీది కట్టు సర్దుతోంది.

"అక్కా, మొదటిసారి తీసిన రక్తం నేనే చెడగొట్టినా. ఐసులో పెట్టకూడదు, పెట్టినా. ఆ తప్పు చెప్పకుండా దాచినా. లేకుంటే ఆరు రోజుల ముందే మందులు పడేవి."

భావన లేచింది. వార్డంతా తిరిగి చూసేలా చెంప పగలగొట్టింది. మొన్న అన్ని దెబ్బలకూ కిమ్మనని ఉమారాణి ఈ ఒక్క దెబ్బకి వెక్కి వెక్కి ఏడ్చింది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టుకోలేదు.

భావన సగంలో వదిలేసిన కొడుకు కట్టు సర్దడం ముగించింది. తర్వాత స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది.

"తియ్యండి. ఈపాలి ఐసులో ఎట్టకండి."