తడపని డేరా

కాన్వాసు గుడ్డ ఒంటిచేతికి లొంగేది కాదు. డేరా కుట్టాలంటే మిషను ముందు ఒకరు కూర్చోవాలి, అవతల ఇంకొకరు నిలబడి కుట్టు పడిన గుడ్డ బరువు మోస్తూ మెల్లగా లాగుతూ ఉండాలి. ఇవతల తోసే వేగం, అవతల లాగే వేగం కలవకపోతే సూదైనా విరుగుతుంది, కుట్టైనా వంకర్లు పోతుంది. అందుకే ఆ రేకుల షెడ్డులో బావా బావమరుదులు మాటలు మానేశారు గాని పని మానలేకపోయారు.

కత్తెర బావది. మిషను బావమరిదిది. ఆ ఇద్దరిలో ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క అయిన మనిషిని వీధివాళ్ళు డేరాల అక్కయ్య అనేవారు. షెడ్డుకి ఆనుకునే వాళ్ళ రెండు గదుల ఇల్లు, వెనక పెరడు. వంటింటి కిటికీ షెడ్డులోకి తెరుచుకునేది. ఇద్దరి మధ్యా మాటలు మోయడానికి అక్కయ్య పొయ్యి దగ్గర్నుంచి కదలనక్కర్లేకపోయేది.

"ఏమేవ్, వెన్నుకుట్టు దగ్గర రెండు వేళ్ళ మడత చాలని మీ తమ్ముడికి చెప్పు."

తమ్ముడు ఆయనకి చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో కూర్చుని ఉండేవాడు.

"విన్నావుగా రా?" అనేది అక్కయ్య.

"లేదక్కా, మిషను చప్పుడు."

మిషను ఆగే ఉండేది.

"రెండు వేళ్ళ మడత చాలట."

"ఎవరి వేళ్ళో కనుక్కో. బావ వేళ్ళు రెండంటే నావి మూడు."

ఆ మాటకి కత్తెరాయనకి నవ్వు వచ్చేది. నవ్వితే ఓడినట్టవుతుందని దగ్గేవాడు. "మాటలు తక్కువ, పని ఎక్కువ చెయ్యమని చెప్పు" అనేవాడు దగ్గు ఆగాక. అక్కయ్య దాన్ని అలాగే చెప్పేది కాదు. చేటలో పోసి చెరిగి, పొల్లు ఎగరగొట్టి, "కానీయమంటున్నారు" అని గింజ మాత్రం అందించేది. రెండేళ్ళుగా అదే వరస.

అంతకు ముందు వాళ్ళిద్దరూ అలా ఉండేవాళ్ళు కాదు. పొద్దున షెడ్డు తలుపు తీసింది మొదలు బావా బావా అని ఒకడు, ఒరేయ్ ఒరేయ్ అని ఒకడు. నోట్లో నువ్వుగింజ నానేది కాదు. కత్తెరాయన చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని దాని కోసం షెడ్డంతా వెతికితే తమ్ముడు కూడా వెతికేవాడు, తెలిసి తెలిసీ. అక్కయ్య కిటికీలోంచి "ఇవాళ కూర ఏం చెయ్యను?" అని అడిగితే ఎవరూ పలికేవారు కాదు. రెండోసారి అడిగితే "ఏదో ఒకటి" అని, ఆ ఇద్దరిలో ఎవరన్నారో తెలియని జవాబు వచ్చేది. ఆవిడ ఏదో ఒకటి చేసేది. వాళ్ళు ఏదో ఒకటి తిని, తింటూ కూడా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకునేవారు.

గొడవకి కారణం తేనెలావిడ డేరా. ఆవిడ తేనెటీగల పెట్టెలు లారీలో వేసుకుని, ఎక్కడ ఏ పంట పూత మీద ఉంటే అక్కడికి పోయి, పొలం గట్టునే డేరా వేసుకుని ఉండే మనిషి. కొత్త డేరా పట్టుకెళ్ళిన కొన్నాళ్ళకి అటునుంచి వచ్చిన లారీ డ్రైవరు ఒక కబురు మోసుకొచ్చాడు. పైన రెండు వాలులూ కలిసే వెన్ను దగ్గర నీళ్ళు కారాయట. అంతే. వెన్ను దగ్గర ఏ వైపో, ఎంత కారిందో అతనికి తెలియదు. లోడు దింపుకుని పోయాడు.

"కోత సరిగ్గా లేకపోతే కుట్టు ఏం చేస్తుంది?" అన్నాడు తమ్ముడు, ఊరికే.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికి ఎవడో" అన్నాడు కత్తెరాయన, ఆయనా ఊరికే.

వస్తువు కళ్ళముందు లేదు. ఉంటే ఒక గంటలో తేలిపోయేది. లేదు కాబట్టి చిలికి చిలికి గాలివాన అయింది. కోతా, కుట్టా? సాయంత్రానికి ఒకరి కోత ఇంకొకరికి మొదటినుంచీ నచ్చలేదని తేలింది. ఇంకొకరి కుట్టుని ఇన్నాళ్ళూ ఎలా సర్దుకుపోయారో కూడా తేలింది. మర్నాడు షెడ్డు తలుపు తీశాక ఎవరూ పలకలేదు.

అది కోతా కాదు, కుట్టూ కాదని అక్కయ్యకి ఒక్కతికే తెలుసు.

కొత్త డేరాకి సూది పోయిన చోటల్లా చిన్న బెజ్జం ఉంటుంది. డేరాని పెరట్లో నిలబెట్టి, పైనుంచి కిందిదాకా బాగా తడిపి ఆరబెడితే నూలు దారం ఉబ్బి ఆ బెజ్జాన్ని మూసేస్తుంది. ఆ తర్వాతే అది డేరా. అంతవరకూ కుట్టిన గుడ్డ. ఆ తడపటం అక్కయ్యది. తెల్లారగానే బకెట్లు నింపుకుని, ముక్కాలిపీట ఎక్కి చెంబుతో పోసేది. సాయంత్రానికి ఆరేది. దాన్ని ఎవరూ పని అనేవారు కాదు, ఆవిడా అనుకునేది కాదు. కోతకి కొలతలున్నాయి, కుట్టుకి లెక్కలున్నాయి. నీళ్ళు పోయటానికి ఏముంది?

తేనెలావిడ డేరా తడపాల్సిన రోజున ఆవిడ బకెట్లు నింపింది. లోపల గుంజ నిటారుగా ఉందో లేదో చూద్దామని డేరాలో దూరింది. లోపల వెలుతురు పల్చటి టీ రంగులో ఉంది. కొత్త గుడ్డ వాసన. షెడ్డులోంచి ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి గాని ఎక్కడో పొరుగింట్లోంచి వస్తున్నట్టున్నాయి. ఆవిడ కింద కూర్చుంది. ఎవరైనా పిలుస్తారేమో చూద్దామనుకుంది. ఎవరూ పిలవలేదు. లేచేసరికి ఎండ డేరా అవతలి వాలు మీదికి మారిపోయింది. ఇప్పుడు తడిపితే ఆరదు. సాయంత్రం లారీ వస్తుంది. మడత పెడుతూ మొగుడు "తడిపావా?" అన్నాడు ఇటు చూడకుండానే. "అయింది" అంది.

రెండేళ్ళ గొడవలో కోత గురించి, కుట్టు గురించి అనని మాట లేదు. తడి గురించి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టి ఉంటే చెప్పేసేదేమో. తట్టలేదు కాబట్టి తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. ఊరుకోవడంలో ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆవిడ తనతో తాను కూడా గట్టిగా అనుకోలేదు. ఇప్పుడు పొద్దున లేస్తే ఇద్దరికీ ఆవిడ కావాలి. "అక్కా" అని ఒకరు, "ఏమేవ్" అని ఒకరు. కూర ఏం చెయ్యనంటే "వంకాయ చెయ్యవే" అని ఒక జవాబు, "బావకి వంకాయైతే నాకు బీరకాయ" అని ఇంకో జవాబు. మధ్యలో మద్దెలకి దెబ్బలే అంటారు గాని, మద్దెల లేకపోతే పాట నడవదు కదా.

అలా నడుస్తుండగా తేనెలావిడ మళ్ళీ వచ్చింది. లారీ దిగకుండానే అరిచింది. "రెండు డేరాలు కావాలి. అచ్చం నా పాతదాని లాంటివే!"

ఇద్దరు మగవాళ్ళూ మొహమొహాలు చూసుకోబోయి మానుకున్నారు. పాతది కారిందా, ఎక్కడ కారిందని అడగొచ్చు. కాని జవాబు తన మీదికే వస్తే? ఇద్దరూ అడగలేదు. "ఈసారి కుట్టు గట్టిగా వేయిస్తాను" అన్నాడు కత్తెరాయన. "ఈసారి కోత దగ్గరుండి చూసుకుంటాను" అన్నాడు తమ్ముడు. తేనెలావిడకి ఏమీ అర్థం కాలేదు. లారీలో ఈగలు రొద పెడుతున్నాయని తొందరపడి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడు కిటికీ దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, బావకి చెప్పు. ఈ రెండూ అయ్యాక మిషను పట్టుకెళ్ళిపోతాను. మా ఆవిడ తమ్ముడు, నా బావమరిది, లారీ పట్టాలు కుట్టే షాపు పెట్టాడు, రమ్మంటున్నాడు."

కత్తెరాయన బల్ల మీద గీసిన గీతనే మళ్ళీ గీశాడు. "పొమ్మను."

రెండేళ్ళలో మొదటిసారి అక్కయ్యకి చెరగటానికి ఏమీ దొరకలేదు. ఆ మాటలో పొల్లు లేదు, అంతా గింజే. "ఏమన్నాడు?" అన్నాడు తమ్ముడు, వినపడనట్టు. "ఏమీ అన్లేదు రా" అంది.

మిషను పోతే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆయనకి కుట్టు రాదు. ఈ వయసులో నేర్చుకుందామన్నా ఆ మోకాలు పెడలు తొక్కనివ్వదు. కత్తెర ఒక్కటే మిగిలితే ఎంత బాగా కోసినా పేలికలే. తమ్ముడు అక్కడ లారీ పట్టాలు తిన్నగా కుట్టుకుంటూ పోతాడు. కిటికీ అలాగే ఉంటుంది, మాటలు ఉండవు.

రెండు డేరాలూ తయారయ్యాయి. అంత ఒద్దికగా కోసి, అంత తిన్నగా కుట్టడం ఈ మధ్యలో లేదు. ఇద్దరూ మాటామంతీ లేకుండా, ఒక్క సూది విరక్కుండా చేశారు. అక్కయ్య మొదటిదాన్ని ముందురోజే తడిపి ఆరబెట్టింది. రెండోదానికి నీళ్ళు పోస్తుండగా తేనెలావిడ చెప్పిన రోజుకి ముందే వచ్చి పెరట్లోకి నడిచింది. షెడ్డులో తమ్ముడు రెంచి పెట్టి మిషను బోల్టులు విప్పుతున్నాడు. తుప్పు పట్టిన బోల్టు కీచుమంటోంది.

"ఇదేమిటి వదినగారూ, వాన కూడా మీరే కురిపించి అమ్ముతారా?"

అక్కయ్య పీట మీదినుంచే చెప్పింది, తడిస్తే దారం ఉబ్బుతుందని, బెజ్జాలు పూడతాయని.

"అదా సంగతి!" అంది తేనెలావిడ. "నా పాతదీ అంతే. మొదటి వానకి వెన్ను పొడుగునా ఒకటే ఏడుపు. తర్వాత ఎన్ని వానలు పడ్డా, బుజ్జగించిన పిల్లలా గమ్మునుంది. ఒక్క చుక్క లేదు. ఆ డ్రైవరుతో అనవసరంగా కబురు చెప్పానే అనుకున్నాను."

చెంబులో నీళ్ళు అక్కయ్య మోచేతి మీదుగా కారి రవిక తడిపాయి. తేనెలావిడకి ఆ మాట అక్కడే మర్చిపోయేలా ఇంకో మాట చెప్పొచ్చు. టీ తాగుతారా అనొచ్చు. షెడ్డులో కీచుమని రెండో బోల్టు వదిలింది.

ఆవిడ పీట దిగి, తేనెలావిడ చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్ళింది.

"నాతో అన్న మాట వీళ్ళతో అనండి."

"ఏమన్నాను? బుజ్జగించిన పిల్ల అన్నాను."

"మొదటి వాన. అది చెప్పండి."

తేనెలావిడ చెప్పింది. రెంచి ఆగింది. కత్తెరాయన చెవి వెనక సుద్ద తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"కోత తప్పయితే వానవానకీ కారుతుంది" అన్నాడు గోడకేసి చూస్తూ. "వంకర కోత వానని చూసి సర్దుకోదు."

"కుట్టు పోయినా అంతే బావా. ఒకసారి విడితే విడుతూనే ఉంటుంది."

"మరి ఒకసారి కారి ఆగిందంటే?"

"ఆగిందంటే..."

ఇద్దరూ ఒకేసారి అక్కయ్య వైపు తిరిగారు. ఆవిడ చేతిలో చెంబు ఇంకా ఉంది.

"తడిపానన్నావు?" అన్నాడు మొగుడు.

"అన్నాను. తడపలేదు."

"తడపక ఏం చేశావు?"

"లోపల కూర్చున్నాను."

"డేరాలోనా? ఏం చేస్తూ?"

"ఏమీ చెయ్యకుండా."

కత్తెరాయన బావమరిది వైపు తిరిగాడు. "ఏమనాలిరా మీ అక్కని?"

"నీ పెళ్ళాం బావా, నువ్వే అను."

"ముందు నీకు అక్క. నువ్వు అన్నాకే నేను."

"డేరాని తడపకుండా, రెండేళ్ళు మమ్మల్ని ఎండబెట్టావు కదక్కా!" అన్నాడు తమ్ముడు. అని, తన మాటకి తానే నవ్వాడు. కత్తెరాయనకి దగ్గు వచ్చింది. ఈసారి దగ్గు మధ్యలోనే నవ్వు బయటపడింది. తేనెలావిడ తన డేరా గురించి నవ్వుతున్నారనుకుని తానూ కొంచెం నవ్వింది.

"ఆ బోల్టు బిగించు ముందు. బల్ల ఒరిగిపోతోంది."

"అటుపక్క పట్టుకో మరి. నాకేం నాలుగు చేతులా?"

"మీ బావమరిదికి ఏం చెబుతావు?"

"మా అక్కతో కబురు పెడతాను. అలవాటైన పనేగా!"

ఇద్దరూ మిషనుకి చెరోవైపూ వంగారు. అక్కయ్య కాసేపు నిలబడింది. తిడతారనుకుంది. తిట్టలేదు. తిట్టే సంగతి మర్చిపోయారని అర్థమయ్యాక పెరట్లోకి వెళ్ళి, మిగిలిన నీళ్ళు రెండో డేరా మీద పోసింది.

ఆ తర్వాత షెడ్డు పాతలాగే అయింది. పొద్దున్నుంచీ బావా, ఒరేయ్. కూర ఏం చెయ్యనంటే జవాబు రాదు. అక్కయ్య రెండోసారి అడగటం మానేసింది. చేసింది పెట్టేది, కాకరకాయైతే వారం పొడుగునా కాకరకాయే. ఎవరైనా గమనించారో లేదో తెలియదు.

ఒక్కటి మాత్రం మారింది. డేరా మడత పెట్టే ముందు షెడ్డులోంచి ఇద్దరిలో ఎవరో ఒకరు కేక వేసేవారు. "తడిపావా?"

అక్కయ్య వెంటనే పలికేది కాదు. ఒక్కోసారి డేరా పక్కనే ఉండేది, ఒక్కోసారి ఆరుతున్న డేరా లోపల కూర్చుని ఉండేది. షెడ్డులో మాటలు ఆగేవి. మిషను ఆగేది. ఆ కాస్సేపూ ఇద్దరూ ఆవిడ జవాబు కోసం చూసేవారు.

"వచ్చి చేత్తో పట్టుకు చూసుకోండి" అనేది చివరికి.

వాళ్ళు వచ్చేవారు. ఇద్దరూ చెరో వాలు మీదా అరచెయ్యి ఆనించి, కుట్టు వెంబడి కిందిదాకా తడిమి చూసుకుని, అప్పుడు తాళ్ళు విప్పేవారు.