చేపల అక్క బాగుచేయించిన బెల్లు

కాలు విరిగి ఇంట్లో ఉన్న రోజుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది కాలు కాదు. ఎవరూ రావడం లేదన్న బాధే.

మా ఇల్లు సముద్రానికి దగ్గర్లో, మైపాడు దారిలో ఉంది. కింది భాగం రొయ్యల మేత నిల్వ చేసుకునేవాళ్లకు అద్దెకిచ్చి మేం పైన ఉంటాం. మెట్ల మొదట్లో ఇనుప గ్రిల్లు తలుపు, దాని పక్కన గోడకు బెల్లు స్విచ్చి. మా ఆయన పొద్దున్నే రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్తూ గ్రిల్లుకు తాళం వేసి పోతారు. ఎవరైనా వచ్చి స్విచ్చి నొక్కితే పైన హాల్లో పిచ్చుకలు కిచకిచలాడినట్టు మోగుతుంది. నేను చేతికర్ర సాయంతో బాల్కనీలోకి వెళ్లి, తాడుకు కట్టిన బుట్టలో తాళంచెవి దించుతాను. వాళ్లే తీసుకుని పైకి వస్తారు.

మొదట్లో ఆ బుట్టకు తీరిక ఉండేది కాదు. ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతున్నాను. నా దగ్గర మిషను తొక్కడం నేర్చుకున్నవాళ్లు పళ్లో, కేరేజీలో చారో పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ తర్వాత ఉన్నట్టుండి అందరూ మానేశారు. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఫోన్ చేసి అడగొచ్చు కదా అంటారేమో. అడగలేదు. ‘రండి’ అని పిలిపించుకునేంత దిగజారానా అనుకున్నాను. వెనక గదిలో ఫ్యాను కింద పడుకుని, ఎవరికి ఏం చేశానో, ఎవరు ఎలా మర్చిపోయారో తలచుకుంటూ ఉండేదాన్ని. కట్టు విప్పేశారు, మెల్లగా మెట్లు దిగి ఎక్కమని డాక్టరు చెప్పారు. నాకు భయం. పడింది ఆ మెట్ల మీదే.

ఒకరోజు ఉదయం వెనక సందులోంచి, సరిగ్గా వంటింటి కిటికీ కింద, ఎవరో అరిచారు.

“అమ్మా! ఉండావా లేవా?”

తొంగి చూస్తే చేపల అక్క. గంప కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కాలు విరక్కముందు వారానికి రెండుసార్లు ఆమె దగ్గరే చేపలు కొనేదాన్ని.

“ఉండాను అక్కా. ఇప్పటికి గుర్తొచ్చినానా?” అన్నాను నిష్ఠూరంగా.

“గుర్తేందమ్మా! నాలుగు తూర్లు వచ్చినా. గంట నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది. నీకోసం కొరమీను కూడా తెచ్చినా, పలక్కపోతే వెనక్కి తీసకపొయినా. పడుకోనుంటావులే, ఫోన్ జేసి లేపడం దేనికని అందరూ పోతా ఉండారు. మొన్న నీ దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలిద్దరు చానాసేపు నిలబడి పొయినారు.”

వారంపాటు నేను తిట్టుకున్నవాళ్లంతా వచ్చి, గ్రిల్లు ముందు నిలబడి పోయారన్నమాట.

“బెల్లు చెడిపోయినట్టుంది. సాయంత్రం ఆయన వచ్చినాక చూస్తారులే,” అన్నాను.

“ఆయనెందుకు? స్క్రూడ్రైవరు, టెస్టరు, గరుకు కాగితం, టేపు తీసుకోని కిందికి రా. నేను చెప్తా.”

“నువ్వే పైకి రా అక్కా. తాళం దించుతా.”

“స్విచ్చి కింద గదా ఉండేది! నా చేతులు ఐసు నీళ్లల్లో నానిపొయినాయి, కరెంటు పని చెయ్యకూడదు. నీవి పొడి చేతులు. దిగు.”

ఆమెకు కరెంటు పని ఎలా తెలుసన్నది తర్వాత చెప్పింది. చేపలమ్మకముందు రొయ్యల చెరువుకు కాపలా ఉండేదట. నీళ్లలో గాలి ఆడించే మోటార్లు ఆగితే రొయ్య చచ్చిపోతుంది, మెకానిక్ వచ్చేదాకా ఆగలేరు. అలా చూసి చూసి నేర్చుకుంది.

ఆమె ముందువైపుకు తిరిగొచ్చాక బాల్కనీలోంచి బుట్టలో తాళంచెవి దించాను. ఆమె గ్రిల్లు తీసి మెట్ల కింద నిలబడింది. నేను గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, “కర్ర ముందు పెట్టు, ఆనక కాలు,” అంటూ చివరి మెట్టు దాకా నా కాళ్ల మీదినుంచి చూపు తిప్పలేదు. కిందికి చేరేసరికి చెమటతో తడిసిపోయాను.

ఎండు కర్రముక్కతో ఆమె మెట్ల పక్కనున్న మెయిన్ స్విచ్చి దించింది. టెస్టరు పెట్టి చూడమంది, వెలగలేదు. స్విచ్చి విప్పితే లోపలి రాగి రేకు పచ్చగా చిలుము పట్టి ఉంది.

“ఉప్పుగాలమ్మా. మోటార్లనే తినేస్తది, ఇదెంత!”

గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది బిగించాను. మెయిన్ వేసి నొక్కితే చప్పుడు లేదు. నాకు నీరసం వచ్చింది. ఆమెకు రాలేదు.

“మళ్లీ దించతన్నా. ఆ రెండు వైర్లూ స్విచ్చికాడ ఊడదీసి, కలిపి మెలేసి టేపు చుట్టు. అప్పుడు మోగితే తప్పు స్విచ్చిది. మోగకపోతే తప్పు పైన.”

మోగలేదు. తప్పు పైన. మెయిన్ దించి ఆమె కిందే కాపలా ఉంది. నేను మళ్లీ మెట్లెక్కాను. ఈసారి భయం కొంచెం తగ్గింది. హాల్లో చేతికందే ఎత్తులో ఉన్న బెల్లు మూత తీస్తే, ఒక వైరు చివర నల్లబడి, తెగి, పక్కకు వేలాడుతోంది. గుడ్డ కత్తెరతో వైరు కోయడానికి మనసొప్పలేదు. వంటింటి కత్తితో మెల్లగా తొడుగు గీకి, మెరిసే తీగను స్క్రూ కింద బిగించి, మూత పెట్టాను.

“వెయ్యి అక్కా!” అని అరిచాను.

కింద వైర్లు కలిపే ఉన్నాయన్న సంగతి ఇద్దరం మరిచాం. పిచ్చుకలు మొదలుపెట్టి ఆపలేదు. కింద ఆమె నవ్వుతోంది, పైన నేను నవ్వుతున్నాను. ఏమైందో అని ఎదురింటావిడ పైకి పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనకే కుట్టు నేర్చుకునే పిల్లలిద్దరూ.

“ఎన్నిసార్లు వచ్చామక్కా! మీకు ఒంట్లో బాగలేదేమో, విసిగించకూడదని పొయినాం,” అంది వాళ్లలో ఒకతె. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీ మీద కోపం పెట్టుకున్నానని చెప్పి క్షమించమన్నాను. వాళ్లకు అర్థం కాలేదు.

అక్క మెయిన్ దించాక నేను కిందికి దిగి, వైర్లు విడదీసి స్విచ్చికి బిగించాను. అక్క మళ్లీ మెయిన్ వేశాక ఎదురింటావిడ నొక్కితే మోగింది, వేలు తీస్తే ఆగింది. కాఫీ తాగి వెళ్లమంటే అక్క మెట్ల మీదే కూర్చుని తాగింది. అప్పటికి గంపలో ఐసు కరిగిపోతోంది. తన వ్యాపారం ఆగిందన్న మాట ఒక్కటి కూడా ఆమె అనలేదు.

ఇన్నేళ్లలో ఆమె రవిక ఎప్పుడూ కుట్టలేదని ఆ రోజే తట్టింది. కొలత తీసుకుంటానంటే మొహమాటపడింది. బలవంతం చేస్తే లేచి నిలబడి, గంప పట్టుకున్నట్టు రెండు చేతులూ తల మీదికి ఎత్తింది.

“ఇట్టా ఎత్తినప్పుడు చంకలో పట్టెయ్యకూడదమ్మా. అట్టా కుడతావా?”

కాలు బాగయ్యాక మిషను ఎక్కి మొదట కుట్టింది ఆ రవికే. చంక దగ్గర రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదిలాను.