లచ్చవ్వ పువ్వు

మొన్న పొద్దున కరీంనగర్ శివార్లలో, గ్రానైటు క్వారీ పక్క మొరం నేల మీద నడుస్తుంటే, మా కోడలు ఒక చిన్న మొక్క మీదికి ఫోన్ వంచింది. నేను కళ్లద్దాలు సర్దుకునేలోపే ఆ ఫోను దాని పేరు, కులగోత్రాలు అన్నీ చెప్పేసింది. లేత నీలం పూలు, తలలు కిందికి వేలాడేసి ఉన్నాయి. ముట్టుకుంటే ఆకు మీది గరుకు నూగు వేలికి తగిలింది. "ఏమైందత్తమ్మా, గట్ల నిలబడ్డరు?" అంది కోడలు. ఈ వయసులో కూడా ఆ పువ్వును చూస్తే నాకు భయం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు నేను కరీంనగర్‌లో బీఎస్సీ చదువుతున్నాను. నలభై మొక్కలు ఎండబెట్టి, అట్టలకు అంటించి, పేర్లు రాసి ఇవ్వాలన్నారు. సెలవులకు ఆదిలాబాద్ జిల్లాలోని మా ఊరికి పోయి, బాపు ఉర్దూ పత్రికలన్నీ మొక్కల పాలు చేశాను. ఆ వారం బాపుకు లోకం సంగతులేవీ తెలియలేదు. పేర్లు చెప్పడానికి మేనత్త, నేను అత్తమ్మ అని పిలిచే మనిషి, ఉండనే ఉంది. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. అక్షరం రాదు కానీ, ఏ మొక్క చూపినా పేరుతో పాటు అది ఏ రోగానికి పనికొస్తుందో, ఎవరి బర్రె దాన్ని తిని చచ్చిందో కూడా చెప్పేది. ఈ నీలం పువ్వు ఊరవతల రాళ్ల దిబ్బ మీద వానలకు మొలిచి, చలికాలం దాటకుండానే ఎండిపోయేది. దాన్ని చేతికిస్తే అత్తమ్మ చాలాసేపు పట్టుకొని కూచుంది. "గిది లచ్చవ్వ, బిడ్డా," అంది. అలాగే చీటీ మీద రాసి అంటించాను.

మా లెక్చరరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మంచి మనిషి. అట్టలు తిరగేస్తూ నవ్వారు. "లచ్చవ్వేంటమ్మా, మనిషి పేరులా ఉంది? దీన్ని గువ్వగుత్తి అంటారు. మార్చి తీసుకురా, లేకపోతే మార్కులు పోతాయి." ఆ వారమే అట్టలు చంకన పెట్టుకొని మళ్లీ ఊరికి పోయాను. లచ్చవ్వ ఎవరని అన్నం తింటున్న బాపును అడిగాను. ఎత్తిన ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

"గది మీ అత్త బిడ్డ పేరు. నీకన్న ఏడాది పెద్దది. రజాకార్ల భయానికి మనం నది దాటి, నిజాం హద్దు అవతల చాందా దిక్కు పోయే దినమే జరమొచ్చి సచ్చిపోయింది. నేనే గా దిబ్బ మీద బొంద పెట్టిన. మల్ల తిరిగొచ్చేసరికి దిబ్బ నిండ గా పువ్వే. జాగ నాకే దొరకలే."

పదిహేనేళ్లుగా ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అత్తమ్మ నా కోసం ఎత్తింది. అది తెలిసి కూడా నేను చీటీ చించి, కొత్తది అంటించాను. రెండు పేర్లూ రాయొచ్చు, చీటీ మీద చోటు కూడా ఉంది. ఫస్టు క్లాసు తప్ప నాకప్పుడు ఇంకేదీ కనబడలేదు. సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

సాయంత్రం అత్తమ్మ చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, అట్టల ముందు కూచుంది.

"గిదంత పెద్ద బడిల దాసిపెడ్తరా, బిడ్డా?"

"పెడ్తరు, అత్తమ్మా."

"మా లచ్చవ్వ పేరు ఏ కాడున్నది? జర సూపియ్యి."

నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె చూపుడువేలు పట్టుకొని, గువ్వగుత్తి అన్న మాట మీద పెట్టాను. "గిదే," అన్నాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మెల్లగా తడిమింది. "మంచిగ రాసినవ్," అంది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. కాలం చాలా వాటిని మరిపించింది కానీ, ఆ వేలిని మాత్రం ఆ అక్షరాల మీద నుంచి ఇప్పటికీ తియ్యలేదు.